"లెట్స్ టేబుల్ ఇట్" అంటే చర్చకు తీసుకున్నట్టా, పక్కన పెట్టినట్టా?

గచ్చిబౌలి_టెస్టర్

అందరికీ నమస్తే. ఇది ఇంగ్లీషు మాట గురించే గానీ గ్రామర్ సందేహం కాదు. వారం రోజులుగా మనసులో అదే తిరుగుతోంది, కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను హైదరాబాద్‌లో టెస్టింగ్ టీమ్ లీడ్‌ని. ఆరేళ్లు లండన్ క్లయింట్‌తో పని చేశాను, ఈ మార్చి నుంచి అమెరికా క్లయింట్. పాత సిస్టమ్‌లో ఉన్న కస్టమర్ల రికార్డులన్నీ కొత్తదాంట్లోకి మారుస్తున్నాం. సరిగ్గా మారాయా లేదా అన్నది ఇప్పుడు వెయ్యికి ఓ ఇరవై తీసి చూస్తున్నారు, అంతే. అలా కాకుండా ఒక స్క్రిప్టు రాసి మొత్తం రికార్డులు పోల్చి చూద్దాం, రిలీజ్‌కి ముందే తప్పులు బయటపడతాయి అని నేను కాల్‌లో చెప్పాను. అవతల మేనేజర్ శ్రద్ధగానే విన్నాడు. విని, "గుడ్ పాయింట్, లెట్స్ టేబుల్ ఇట్" అన్నాడు.

నాకు ఎంత సంతోషమేసిందో. లండన్ వాళ్ల దగ్గర ఈ మాట వినీ వినీ అలవాటైపోయింది, వాళ్లు టేబుల్ చేద్దాం అంటే అజెండాలో పెట్టి అందరం మాట్లాడుకుందాం అని. నోట్‌బుక్‌లో "స్క్రిప్టు, టేబుల్, గురువారం" అని రాసుకుని చుట్టూ సున్నా కూడా చుట్టాను. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఒకడున్నాడు, మొదటి ఉద్యోగం, కాల్స్‌లో ఇంకా నోరు విప్పడు. వాడికి చెబితే రెండు రాత్రులు కూర్చుని 4,000 రికార్డులు పోల్చి షీట్ తయారు చేశాడు. అందులో 37 చోట్ల పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారై ఉన్నాయి. మార్చి 4 కాస్తా ఏప్రిల్ 3 అయిపోయింది.

గురువారం కాల్‌లో చూస్తే అజెండాలో ఈ సంగతే లేదు. మర్చిపోయారేమో అనుకుని చివర్లో నేనే ఎత్తాను, షీట్ స్క్రీన్ మీద పెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన "ఐ థాట్ వి టేబుల్డ్ దిస్" అన్నాడు. నేను ఉత్సాహంగా "యెస్, వి డిడ్" అన్నాను. కాల్ ముగిసేలోపే మా మేనేజర్ చాట్‌లో పింగ్ చేశారు, "వాళ్లు వద్దన్నదాన్ని మళ్లీ ఎందుకు తీశావు?" అని.

ఎక్కడా ఎవరూ వద్దనలేదే! ఆ రాత్రి డిక్షనరీ తీసి చూస్తే రెండు అర్థాలూ ఉన్నాయి, అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఇలా ఎలా వచ్చింది? అమెరికా వాళ్ల నోట ఈ మాట వస్తే అది నిజంగా "వద్దు" అనేనా, లేక "తర్వాత" అనా? అన్నిటికంటే ముఖ్యం, మీరేం ఉద్దేశించారని అడిగితే వాళ్లు తప్పుగా అనుకుంటారా? ఆ అబ్బాయికి ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

డల్లాస్‌లో_దేవరకొండ

అక్కా, ముందుగా ఒక మాట. నువ్వు తప్పు అర్థం చేసుకోలేదు, లండన్ అర్థం చేసుకున్నావు. నేనిక్కడికి వచ్చి 14 ఏళ్లు. ఈ దేశంలో "టేబుల్" అంటే బల్ల మీద వదిలేసి లేచిపోవడం. చర్చ ఆపేద్దాం అని.

ఇది ఆఫీసుల్లో పుట్టిన మాట కాదు, సభల నుంచి వచ్చింది. ఇక్కడ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గర్నుంచి స్కూల్ బోర్డు దాకా మీటింగులన్నీ ఎక్కువగా ఒకే పుస్తకం పద్ధతిలో నడుస్తాయి, 1876లో హెన్రీ రాబర్ట్ అనే ఆర్మీ ఇంజనీరు రాసిన సభా నియమాలు. అందులో "లే ఆన్ ది టేబుల్" అనే తీర్మానం ఉంది. అంతకంటే అర్జెంటు పని వచ్చిపడితే ఇప్పుడు నడుస్తున్న విషయాన్ని కాసేపు బల్ల మీద ఉంచడం అన్నమాట. దాన్ని మళ్లీ పైకి తీయడానికి "టేక్ ఫ్రమ్ ది టేబుల్" అని వేరే తీర్మానం కావాలి. అంటే ఆ పుస్తకం ప్రకారం అది తాత్కాలికమే, చంపేయడం కాదు.

కానీ వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ ఉంది చూడు, అక్కడ టేబుల్ చేశారంటే దాని పని అయిపోయినట్టే. 2017 డిసెంబరులో ట్రంప్ మీద ఒక సభ్యుడు అభిశంసన తీర్మానం తెస్తే, దాని మంచిచెడ్డల మీద ఓటు దాకా పోనే లేదు. టేబుల్ చేద్దామా వద్దా అని ఓటు పెట్టారు, 364 మంది చేద్దామన్నారు, 58 మంది వద్దన్నారు, కథ ముగిసింది. కాదు అని నేరుగా అనకుండానే కాదనడానికి వాళ్లకది దారి.

ఆఫీసు భాషలోకి ఈ రెండు ఛాయలూ కలిసి వచ్చాయి. అందుకే మీ క్లయింట్ అన్నది "తర్వాత చూద్దాం" కావచ్చు, "ఇంతటితో వదిలేయ్" కూడా కావచ్చు. నేను గమనించింది ఒకటే, పక్కన తేదీ ఉందా లేదా. "లెట్స్ టేబుల్ ఇట్ అంటిల్ థర్స్‌డే" అన్నాడంటే గురువారం నిజంగానే తీస్తాడు. తేదీ లేకుండా ఊరికే అని, వెంటనే తర్వాతి పాయింటుకి పోయాడంటే దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అడిగితే తప్పుగా అనుకుంటారా అన్నావు కదా, అస్సలు అనుకోరు. వాళ్లకు అలవాటే. "ఈ రిలీజ్‌కి వద్దంటున్నారా, లేకపోతే ఏ తేదీకి పెట్టుకుందాం?" అని అక్కడికక్కడ అడిగెయ్. ఒక్క ప్రశ్న. నేను మొదటి రెండేళ్లు అడగడానికి జంకి, అర్థమైనట్టు తల ఊపి, తర్వాత పక్క సీటులో ఉన్నవాళ్లను అడిగి తెలుసుకునేవాణ్ని. అట్లా పోయిన టైము మళ్లీ రాదు.

లీడ్స్_డాక్టరమ్మ

పైన చెప్పిందంతా నిజమే. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను కాబట్టి ఇటువైపు సంగతి చెబుతాను, ఎందుకంటే మీ చెవి ఆరేళ్లు దీనికే అలవాటు పడింది.

ఇక్కడ పార్లమెంటులో ఎంపీలు ప్రశ్నలు, తీర్మానాలు ఇచ్చే ఆఫీసు పేరే టేబుల్ ఆఫీస్. సవరణ టేబుల్ చేశారంటే సవరణ ప్రతిపాదించారని. మా ఆసుపత్రి కమిటీల్లో కూడా అంతే, "టేబుల్డ్ పేపర్" అంటే ముందుగా పంపకుండా మీటింగు రోజు అందరి ముందూ పెట్టిన కాగితం. రెండు దేశాల్లోనూ బల్ల ఒకటే, కాగితం ఒకటే. వీళ్లు దాన్ని పెట్టే క్షణాన్ని చూస్తున్నారు, వాళ్లు అది అక్కడే పడి ఉండడాన్ని చూస్తున్నారు.

అయితే బ్రిటిష్ వాళ్లు స్పష్టంగా మాట్లాడతారని మాత్రం అనుకోకండి. నన్ను బాగా ఇబ్బంది పెట్టిన మాట "క్వైట్". వచ్చిన కొత్తలో మా వార్డులో రాత్రి డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పగించడానికి ఒక ఫారం తయారు చేసి సీనియర్‌కి చూపించాను. "క్వైట్ గుడ్" అన్నారు. అమెరికాలో రెసిడెన్సీ చేస్తున్న మా చెల్లికి ఫోన్ చేసి చెబితే అది కూడా ఎంతో సంబరపడింది, ఎందుకంటే అక్కడ క్వైట్ గుడ్ అంటే చాలా బాగుందని. నెల గడిచినా ఆ ఫారం ఎవరూ వాడలేదు. ఇక్కడ ఆ మాటకి "పర్లేదు, ఫరవాలేదనిపించేలా ఉంది" అనే అర్థమని, ఒక్కోసారి అంతకంటే తక్కువేనని నాకు చెప్పినవాళ్లు లేరు. తర్వాత నేనే వెళ్లి "ఇందులో ఏం మారిస్తే మీరు వాడతారు?" అని అడిగాను. ఆయన కుర్చీ జరిపి కూర్చోబెట్టి పావుగంట చెప్పారు. మందుల అలర్జీ గడి మూడో వరసలో ఉంది, అది అన్నిటికంటే పైన ఉండాలి అన్నారు. మార్చాను. ఆ పావుగంట మాటలు మొదటి రోజే ఆయన దగ్గర ఉన్నాయి, నేను అడగలేదు కాబట్టి బయటికి రాలేదు.

"ఐ విల్ బేర్ ఇట్ ఇన్ మైండ్" అన్నది కూడా అంతే. గుర్తుపెట్టుకుంటాను అన్నారు కదా అని ఎదురుచూడకండి.

తణుకు_వాస్తవ్యుడు

నాది వేరే అభిప్రాయం, కోపగించుకోకండి. అన్నిచోట్లా మనమే సర్దుకోవాలి, మనమే అడగాలి, మనమే రెండు దేశాల ఇంగ్లీషు నేర్చుకోవాలి అంటున్నారు. అవతలి మనిషికి తెలీదా, తను మాట్లాడుతున్నది హైదరాబాద్ వాళ్లతో అని? ఇండియాలో ఈ మాట ఏ అర్థంలో వాడతారో తెలుసుకునే బాధ్యత అతనికి లేదా? పైగా ఆవిడ చెప్పిన ఐడియా మంచిదే, 37 తప్పులు కళ్ల ముందు పెట్టారు. ఆ 37 మంది కస్టమర్ల సంగతి వదిలేసి "మళ్లీ ఎందుకు తీశావు" అని అడిగిన సొంత మేనేజర్ మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది. మాట అర్థం ఏదైనా, తప్పు దొరికింది కదా. దాని గురించి మాట్లాడరేం?

న్యూస్‌డెస్క్_పాతమనిషి

తణుకు వారి కోపం న్యాయమే. అయితే ఈ మాట దగ్గర పడిపోయినవాళ్లలో అటువైపు వాళ్లూ ఉన్నారు, చాలా పెద్దవాళ్లు కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు కలిసి కూర్చున్నప్పుడు, బ్రిటిష్ వాళ్లు ఒక అత్యవసరమైన పత్రాన్ని టేబుల్ చేస్తామన్నారు. అమెరికన్లకు అది సొరుగులో పడేసి మర్చిపోదామన్నట్టు వినిపించింది, కుదరదన్నారు. చాలాసేపు గట్టిగా వాదించుకున్నాక తేలిందేమిటంటే ఇద్దరూ కోరుతున్నది ఒకటే. చర్చిల్ తన యుద్ధ చరిత్రలో స్వయంగా రాసుకున్న సంగతి ఇది. ఇద్దరికీ మాతృభాష ఇంగ్లీషే, ఇద్దరూ ఒకే యుద్ధంలో ఒకే పక్షం. అయినా ఎవరూ "ఏ అర్థంలో అంటున్నారు" అని వెంటనే అడగలేదు.

మనకు ఏ అర్థం వచ్చిందో కూడా చెబుతాను, ముప్పై ఏళ్లు తెలుగు పత్రికల డెస్కులో పని చేశాను. మన పార్లమెంటు బ్రిటిష్ పద్ధతి తీసుకుంది. లోక్‌సభలో స్పీకర్ కుర్చీకి దిగువన, సెక్రటరీ జనరల్ ముందు నిజంగానే ఒక బల్ల ఉంటుంది, దాన్నే టేబుల్ ఆఫ్ ది హౌస్ అంటారు. మంత్రులు పెట్టే పత్రాలన్నీ లెక్క ప్రకారం ఆ బల్ల మీద పెట్టినట్టే. కాగ్ నివేదికలు రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం సభ ముందుకు రావాలి కదా, "కాగ్ రిపోర్ట్ టేబుల్డ్" అని ఏజెన్సీ వార్త వస్తే మేం "కాగ్ నివేదికను సభ ముందుంచారు" అని రాసేవాళ్లం. చెయ్యి దానికే అలవాటు పడిపోయింది.

అలా అలవాటైన చేత్తోనే ఒకసారి అమెరికా సెనేట్ వార్త తర్జుమా చేశాను. అక్కడ ఒక సవరణను టేబుల్ చేశారు. నేను "సెనేట్‌లో సవరణ ప్రవేశపెట్టారు" అని రాసి పేజీ పంపించాను. రాత్రి పదకొండున్నరకి షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఒరిజినల్ కాగితం పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారు. రెండో పేరాలో ఓట్ల లెక్క ఉంది, సవరణ తెచ్చినవాళ్లు ఓడిపోయారని ఉంది. "ప్రవేశపెట్టడానికి ఓడిపోవడమేంటయ్యా?" అని వేలితో ఆ లైను చూపించారు. జిల్లా ఎడిషన్లు అప్పటికే ప్రింటింగ్‌కి వెళ్లిపోయాయి, సిటీ ఎడిషన్‌లో మాత్రం మార్చగలిగాం. కొన్ని జిల్లాల పాఠకులు జరిగినదానికి పూర్తిగా వ్యతిరేకమైన వార్త చదివారు, అది నా వల్ల. అప్పటి నుంచి ఆ మాట కనిపిస్తే వార్త ఏ దేశం నుంచి వచ్చిందో చూడకుండా ఒక్క అక్షరం రాయలేదు. కొత్తగా డెస్కులో చేరినవాళ్లకి మొదటి వారమే చెప్పేవాణ్ని. "మూట్ పాయింట్" కూడా చెప్పేవాణ్ని. బ్రిటన్‌లో అది వాదించదగ్గ విషయం, అమెరికాలో ఇక వాదించి లాభంలేని విషయం.

గచ్చిబౌలి_టెస్టర్

పాతమనిషి గారూ, మీరు రాసింది మా టీమ్ అందరికీ పంపించాను. తణుకు గారూ, మా మేనేజర్ చెడ్డవారు కాదు, క్లయింట్ కొత్త కాబట్టి ఆయన టెన్షన్ ఆయనది. కానీ మీరన్న "తప్పు దొరికింది కదా" అన్న మాట నాకు బలమిచ్చింది. ఈ రాత్రికే క్లయింట్‌కి మెయిల్ రాస్తాను, డల్లాస్ తమ్ముడు చెప్పిన ప్రశ్నతోనే.

ఇంకొకటి కూడా అడగనివ్వండి. మీటింగ్ "మూవ్ ఫార్వర్డ్" చేశాం అంటే ముందుకా, వెనక్కా? బుధవారం మీటింగ్‌ని రెండు రోజులు ఫార్వర్డ్ అని మెయిల్ వస్తే టీమ్‌లో సగం మంది సోమవారం అన్నారు, సగం మంది శుక్రవారం అన్నారు.

మెదక్_మాస్టారు

అమ్మా, నేను ఇంగ్లీషు టీచర్ని, ఆ బుధవారం ప్రశ్న ఇంగ్లీషు వాళ్లనే రెండుగా చీల్చే ప్రశ్న. కాలం మన వైపు వస్తోందనుకునే మనిషికి సోమవారం, మనం కాలంలోకి నడుస్తున్నామనుకునే మనిషికి శుక్రవారం. రెండూ తప్పు కాదు. మనకు "ప్రీపోన్" అని చక్కటి మాట ఉంది, మన దేశంలో ఎవరికి చెప్పినా అర్థమవుతుంది, అమెరికాలో మాత్రం చాలామంది వినలేదు. వారం పేరు, తేదీ రాయడమే దారి.

అయితే తెలుగులో ఈ గొడవ లేదనుకోకండి. "ముందే చెప్పాను" అంటే గడిచిన కాలం. "ముందు ముందు చూద్దాం" అంటే రాబోయే కాలం. ఒకటే మాట, రెండు వైపులకీ. పిల్లలకు ఇది చెబితే వాళ్ల కళ్లు పెద్దవవుతాయి, ఎందుకంటే రోజూ వాడుతూ ఎప్పుడూ గమనించి ఉండరు.

ఇక సలహా తీసుకోవడం, తోసిపుచ్చడం అంటారా, మన "చూద్దాం" ఉంది కదా. కూతురు టూర్‌కి వెళ్తానంటే నాన్న "చూద్దాం" అంటాడు. ఆ అమ్మాయికి అది ఏ చూద్దామో గొంతును బట్టి తెలుసు. "చూద్దాంలే" అని చివర "లే" పడితే ఇక అడగదు. పెళ్లిచూపులకొచ్చి కాఫీ తాగి "ఇంటికెళ్లి మాట్లాడుకుని కబురు చేస్తాం" అని లేస్తే, కబురు రాదని ఈ ఇంటివాళ్లకు గుమ్మం దగ్గరే అర్థమవుతుంది. తెలియనివాడు వారం రోజులు ఫోన్ పక్కనే కూర్చుంటాడు. మా ఇంట్లో మా అక్కకి సంబంధం వచ్చినప్పుడు మా నాన్న అలాగే కూర్చున్నారు, దుబాయ్‌లో పదిహేనేళ్లు ఉండి వచ్చిన మనిషి, ఇక్కడి మర్యాద మాటలు ఆయనకి దూరమైపోయాయి. ఎనిమిదో రోజు మా అమ్మ నోరు తెరిచి చెప్పింది, వాళ్లు ఆ రోజే వద్దన్నారండీ అని. ఆయన బాధపడింది సంబంధం తప్పినందుకు కాదు, అందరికీ తెలిసినది తనకొక్కడికీ తెలియనందుకు. మీ పోస్టు చదివితే ఆయనే గుర్తొచ్చారు.

మీ టీమ్ అబ్బాయికి ఏం చెప్పాలి అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పండి. పని బాగుంది, మాట దగ్గర నేను పొరబడ్డాను అని. చిన్నవాళ్లు దాన్ని చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

డల్లాస్‌లో_దేవరకొండ

మాస్టారూ, మీ నాన్నగారి సంగతి చదివి కాసేపు ఏం రాయబుద్ధి కాలేదు.

అక్కా, మెయిల్‌లో "టేబుల్" అనే మాట మళ్లీ వాడకు. ఎవరు ఎప్పుడు ఏమన్నారని తవ్వకుండా, ఆ 37 రికార్డులు జత చేసి, రెండు దారులు రాసి, ఏది కావాలో అడుగు. అవును, కాదు అని రెండు అక్షరాల్లో జవాబు చెప్పగలిగేలా ఉండాలి.

గచ్చిబౌలి_టెస్టర్

జవాబు వచ్చింది, అందుకే మళ్లీ వచ్చాను. మెయిల్ ఇలా రాశాను: పూర్తి పోలిక ఈ రిలీజ్‌లో అక్కర్లేదంటే మేం ఆపేస్తాం, తర్వాత కావాలంటే తేదీ చెప్పండి, ఏదేమైనా ఈ 37 పుట్టిన తేదీలు ఒకసారి చూడండి.

పొద్దున లేచేసరికి ఆయన రిప్లై ఉంది. మొత్తం రికార్డుల పోలిక ఈ రిలీజ్‌కి నిజంగానే వద్దట, అంత టైము లేదట, అప్పుడన్నది కూడా అదేనట. అది "వద్దు" అనే. కానీ పుట్టిన తేదీ కాలమ్ ఒక్కటీ మొత్తం పోల్చమన్నాడు, తేదీల ఫార్మాట్ విషయం వాళ్ల వైపు ఎవరూ చూడలేదన్నాడు. అంటే అక్కడ కూడా ఇదే కథ, మార్చి 4ని వాళ్లు నెల ముందు పెట్టి రాస్తారు, మనం రోజు ముందు పెట్టి రాస్తాం.

మా మేనేజర్‌కి లండన్ అర్థం, అమెరికా అర్థం రెండూ చెప్పాను. ఆయనకి మొదటిది తెలియదట. మినిట్స్‌లో ఇకనుంచి ప్రతి పాయింటు ఎదురుగా తేదీ గానీ "ముగిసింది" అని గానీ రాద్దాం అన్నారు.

అబ్బాయికి మాస్టారు చెప్పినట్టే చెప్పాను. "అయితే షీట్ పనికొచ్చిందా మేడమ్?" అని ఒక్కటే అడిగాడు. వచ్చిందన్నాను. రేపు రాత్రి కాల్‌లో దాన్ని వాడే చూపిస్తాడు, నేను మ్యూట్‌లో ఉంటాను.